మలుపుకో ఊపిరి

తిరుపతి కొర్లగుంటలో మునిరామయ్య యోగా క్లాసు పక్కింట్లో అద్దెకు దిగినవాళ్ళు ఏడాది దాటి ఉండరని ఒక మాట ఉండేది. తెల్లవారి అయిదున్నరకల్లా నలభై మంది గొంతెత్తి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ వంగుతారు, లేస్తారు, వెల్లకిలా పడుకుని కాళ్ళెత్తుతారు. ఆఖరికి శవాసనంలో కూడా లెక్కే. యోగమంటే మౌనమనీ, కళ్ళు మూసుకుంటే లోపల ఏదో వెలుగుతుందనీ చదువుకుని వచ్చినవాళ్ళు రెండోరోజే జారుకునేవాళ్ళు.

"ఇది యోగమా, ఎక్కాల బడా?" అని ఒక రిటైరైన తహసీల్దారు అడిగాడు.

"ఎక్కాల బడే సార్. నోరు మూసుకునేవాళ్ళకు ఈడ చోటు లేదు," అన్నాడు మునిరామయ్య.

ఇందులో వేదాంతమేమీ లేదు. ఆ గోల వెనక ఒక బస్సు ఉంది. ఆ బస్సులో జరగబోయి ఆగిపోయిన ఒక ఘోరం ఉంది. ఆ ఘోరానికి దారి వేసినవాడు మునిరామయ్యే.

అతను బస్సు డిపోలో ఫిట్టరు. డీజిలు పొగలో, బ్రేకుల దుమ్ములో పదేళ్ళు పనిచేశాక ముప్పై రెండో ఏట ఆయాసం పట్టుకుంది. మొదట్లో చలికాలంలో వచ్చేది. తర్వాత ఎప్పుడు పడితే అప్పుడే. బస్సు కిందికి దూరి పడుకుంటే మళ్ళీ లేవగలనో లేదోనని భయం. పెద్దాసుపత్రిలో సూది వేస్తే గుండె దడదడలాడి కాసేపటికి ఊపిరాడేది. ఉమ్మెత్తాకు పొగ పీల్చాడు. నాటువైద్యుడు చెప్పాడని బతికున్న చేపపిల్లను మింగాడు. కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాడు కానీ, నాలుగు మెట్లెక్కితే అయిదో మెట్టు మీద కూలబడే మనిషి ఆ మొక్కు తీర్చేదెట్లా? భార్య భారతమ్మ గోడకు దిండ్లు పేర్చి అతన్ని ఆనించి కూర్చోబెట్టేది. "నీ రొమ్ములో ఈల వినపడితే బతికుండావని తెలుస్తాది. వినపడకుంటేనే నాకు భయం," అనేది.

1972లో చంద్రగిరి దగ్గర ఒక బండి ఆగిపోయిందంటే బాగు చేయడానికి వెళ్ళాడు. బానెట్ ఎత్తిన రెండు నిమిషాలకే ఆయాసం ముంచుకొచ్చింది. బంపరు పట్టుకుని వంగిపోయాడు. రోడ్డుకు అవతల హైస్కూలు మైదానంలో పిల్లలకు డ్రిల్లు చేయిస్తున్న మాస్టరు అది చూసి, విజిలు మెడలో వేలాడుతుండగానే పరిగెత్తుకొచ్చాడు. ఆయన పేరు జయరావు.

"గాలి లోపలికి లాక్కోవద్దు. ముందు వదులు. మూతి ముడుచుకో. ఎదురుగా దీపం ఉండాదనుకో. దీపం అల్లాడల్ల, ఆరిపోకూడదు. అట్లా ఊదు."

మునిరామయ్య ఊదాడు. ఆయాసం పోలేదు గానీ, సూది లేకుండా తగ్గడం అతనికి అదే మొదటిసారి.

ఆ తర్వాత రెండేళ్ళు ప్రతి ఆదివారం చంద్రగిరి బస్సెక్కాడు. జయరావు చర్చి నుంచి వచ్చి, తెల్లచొక్కా తీసి దండెం మీద వేసి, చాప పరిచేవాడు. మద్రాసులో డ్రిల్లు మాస్టరు ట్రైనింగులో ఉన్నప్పుడు ఆయన ఆసనాలు నేర్చుకున్నాడట. డిపోలో అందరికీ ఇదొక వేడుక. "ఏడుకొండలు నెత్తిన పెట్టుకోని, యోగం కోసరం చర్చి కాడికి పోతాండావే అబ్బా," అని ఎకసెక్కాలాడేవాళ్ళు. జయరావుకు ఆ గొడవ పట్టదు. మంత్రం లేదు, ధూపం లేదు. "పండ్లు తోముకుంటే పుణ్యమొస్తాదా? ఇదీ అంతే. దినామూ చెయ్యాల," అనేవాడు.

మునిరామయ్య 1974 శీతాకాలాన్ని సూది లేకుండా దాటాడు. మరుసటి ఏడు అలిపిరి నుంచి నడిచి కొండెక్కి, మొక్కు తీర్చుకుని వచ్చాడు. నలుగురికీ నేర్పుతానని అడిగినప్పుడు జయరావు ఒక్క షరతు పెట్టాడు.

"తీసుకునేది నేర్పు, వదిలేది నేర్పు. నడాన ఆపేది నేర్పొద్దు. ఊపిరి బిగబట్టాలంటే ఆ మనిషి గుండెకాయ యట్లుండాదో తెలియాల. నీకు తెల్దు. నాకూ తెల్దు. తెలియని కాడ చెయ్యి పెట్టగూడదు."

"పెట్టను సార్," అన్నాడు మునిరామయ్య.

నాలుగేళ్ళు మాట మీద నిలబడ్డాడు కూడా. మునిసిపల్ స్కూలు వసారాలో పదిమందితో మొదలైన క్లాసు నలభై మందికి పెరిగింది. నడుము పట్టేసిన డ్రైవర్లు, మెడ తిప్పలేని టైలర్లు, ఆయాసం మనుషులు వచ్చేవాళ్ళు. బాగుపడ్డవాళ్ళు ఊరుకోరు కదా. అతన్ని 'సామీ' అన్నారు. కట్టెల అడితి ఆయనొకడు శాలువా కప్పాడు. నూనె మరకల ఖాకీ చొక్కా మీద శాలువా వేసుకుని ఇంటికి వచ్చిన మొగుణ్ణి భారతమ్మ ఎగాదిగా చూసింది.

"ఇంగ రేపటి నుంచి నేను నీకు ఎదురుగా నిలబడి మాట్లాడొచ్చునా, దూరంగా ఉండల్లనా?"

మనుషులకు సులువుగా దొరికిందాని మీద గౌరవం ఉండదు. ఊపిరి తీసుకో, వదులు అంటే అది గురువు చెప్పాల్సిన విద్యలా ఉండదు. 'ఊపిరి బిగబట్టే కుంభకం చెప్పరా సామీ' అని అడిగేవాళ్ళు. చెప్పనని అంటే, ఇతనికి రాదేమోనని మొహాలు చూసుకునేవాళ్ళు. ఆ చూపు మునిరామయ్యకు గుచ్చుకుంది. ఇంటి నుంచి డిపోకు నడిచే దారిలో తనంతట తాను మొదలుపెట్టాడు. ఒక కరెంటు స్తంభం దగ్గర ఊపిరి నిండా పీల్చి, తర్వాతి స్తంభం దాకా బిగబట్టి, అక్కడ వదలడం. ఒకటి రెండైంది. రెండు మూడైంది. అహంకారమని ఒక్క మాటలో కొట్టిపారేయొచ్చు. కానీ అన్నేళ్ళు గాలి కోసం చేపలా కొట్టుకున్నవాడు, ఆ గాలి ఇప్పుడు తాను ఆగమంటే ఆగుతున్నదని చూసుకుని మురిసిపోతే ఆశ్చర్యమేముంది? తప్పు మురిసిపోవడంలో లేదు. 1980 సంక్రాంతి దాటాక ఆ స్తంభాల లెక్కను క్లాసులో చెప్పడంలో ఉంది. "నేను సూదులు పారేసినా, మాత్రలు పారేసినా. ఇప్పుడు మూడు స్తంభాలు," అని మూడు వేళ్ళు చూపడంలో ఉంది.

ఆ వేళ్ళను అందరికంటే శ్రద్ధగా చూసినవాడు చెంగయ్య. ఘాట్ డ్రైవరు. నలభై ఆరేళ్ళు. రక్తపోటు ఉంది. ఏటా జరిగే డాక్టరు పరీక్ష అంటే చచ్చేంత భయం. కొండ దారిలో బండి తోలేవాళ్ళను ఏరి మరీ పెడతారు. ఒకసారి దించేస్తే మళ్ళీ ఎక్కనివ్వరు. మునిరామయ్య ఎదురైతే చాలు, చేతిలో ఏమున్నా వదిలేసి రెండు చేతులూ జోడించేవాడు.

ఆ ఏడు మే నెలలో, పైన ఒక బండి పంపు చెడిపోతే మునిరామయ్యను కొండకు పంపారు. పని ముగించి, మిట్టమధ్యాహ్నం కిందికి దిగే బండి ఎక్కితే స్టీరింగు ముందు చెంగయ్య ఉన్నాడు. చూడగానే స్టీరింగు వదిలి దండం పెట్టాడు. బండి ఇంకా కదల్లేదు కాబట్టి సరిపోయింది. ఇంజను బానెట్ పక్కనున్న ఒంటి సీటు చూపించి కూర్చోమన్నాడు.

బండి నిండా జనం. గంధం పూసుకున్న గుండ్లు, ఒళ్ళో లడ్డు సంచులు, తెరిచిన నోళ్ళతో నిద్ర. ఎక్కేటప్పుడు గోవింద నామాలతో దద్దరిల్లే బస్సు దిగేటప్పుడు ఇట్లాగే ఉంటుంది. మొక్కు తీరాక దేవుడితో పనేముంది? దిగే దారి పాతది. ముప్పై పైచిలుకు మలుపులు. ఒక పక్క కొండ, ఒక పక్క మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల గాలి.

మునిరామయ్య అలవాటు కొద్దీ ముందు ఇంజను విన్నాడు. గేరు సరైనదే. బ్రేకు తొక్కుడు సరిగానే ఉంది. తోలేవాడికి పని తెలుసు. అప్పుడు చెంగయ్య భుజాలు చూశాడు.

మలుపు ఇంకా నాలుగు బారల దూరంలో ఉండగా ఆ భుజాలు పైకి లేచాయి. లేచినవి దిగలేదు. స్టీరింగు తిరిగింది, బండి తిరిగింది, మలుపు దాటింది. అప్పుడు దిగాయి. రెండో మలుపు దగ్గరా అంతే. మూడో మలుపుకు మునిరామయ్య చెంగయ్య మొహం చూశాడు. పెదవులు బిగిసి ఉన్నాయి. కణత మీద నరం వానపాములా లేచింది. మలుపు పొడుగునా అతను ఊపిరి తీయలేదు. వదిలినప్పుడు తల ఒక్క క్షణం ముందుకు వాలింది, చేతులు సడలాయి. బండి జానెడు పిట్టగోడ వైపు జరిగి, మళ్ళీ దారిలోకి వచ్చింది.

ఆ జానెడూ చూసినవాడు బస్సులో మునిరామయ్య ఒక్కడే. చూసిందేమిటో తెలిసినవాడూ అతనొక్కడే. కొండ మీద కరెంటు స్తంభాలు లేవు. తన శిష్యుడు మలుపులు లెక్కపెడుతున్నాడు.

నాలుగో మలుపు వస్తోంది. భుజం తడితే? బిగబట్టి ఉన్న మనిషి ఉలిక్కిపడతాడు. పేరు పెట్టి పిలిస్తే? సామి పిలిచాడని స్టీరింగు వదిలి రెండు చేతులూ జోడించినా జోడిస్తాడు. బండి ఆపమని అరిస్తే నిద్రలో ఉన్న యాభై మంది లేచి మీద పడతారు. ఆ వాలులో నిలబెట్టే చోటు కూడా లేదు. భుజాలు మళ్ళీ లేవబోతున్నాయి.

ఊపిరి బిగబట్టకుండా మనిషిని ఆపాలంటే అతని నోరు తెరిపించాలి. తిరుపతి మనిషి నోటిని, అతని అనుమతి లేకుండా తెరిపించగలిగింది ఒక్కటే ఉంది. మునిరామయ్య లేచి కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏడుకొండలవాడా, వెంకటరమణా," అని గొంతు చించుకుని అరిచాడు.

ఆ పిలుపుకు బదులు చెప్పకుండా ఉండడం ఆ ఊరివాళ్ళ చేత కాదు. నిద్రలో ఉన్నా, తగువులో ఉన్నా, స్టీరింగు మీద ఉన్నా నోరు దానంతట అదే అంటుంది. "గోయిందా, గోయింద," అన్నాడు చెంగయ్య. పీల్చిన గాలంతా ఆ మాటలో బయటికి పోయింది. మలుపు తిరిగింది. తల వాలలేదు.

వెనక ఎవరో ముసలమ్మ నిద్రలోనే గోవింద కొట్టింది. మిగతావాళ్ళు కళ్ళు నులుముకున్నారు. అయిదో మలుపు ముందు మళ్ళీ అరిచాడు. ఆరో మలుపు ముందు మళ్ళీ. చిత్తూరు మామిడిమండీ వ్యాపారి ఒకాయన గుండు తడుముకుంటూ, "ఏం సామీ, ఎక్కేటప్పుడు మరిచిపోయి ఇప్పుడు బాకీ తీరస్తాండావా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. మునిరామయ్య నవ్వలేదు. అతని కళ్ళు చెంగయ్య భుజాల మీదే ఉన్నాయి. లేవడం మొదలుపెట్టగానే అరవాలి. తొందరపడితే చెంగయ్యకు మళ్ళీ బిగబట్టే వ్యవధి దొరుకుతుంది. ఆలస్యమైతే ఎట్లాగూ ఆలస్యమే.

పన్నెండో మలుపు దగ్గర మునిరామయ్య రొమ్ములో ఈల మొదలైంది.

ఆరేళ్ళుగా వినని ఈల. మొదట ఇంజను చప్పుడేమో అనుకున్నాడు. కాదు. అరుపు, ఎండ, బానెట్ సందుల్లోంచి వస్తున్న డీజిలు వాసన, వాటన్నిటికీ మించి భయం. అరుపుకు కావలసినంత గాలి లోపలికి రావడం లేదు. మలుపుకూ మలుపుకూ మధ్య మూతి ముడిచి దీపం ఊదాడు. దీపం అల్లాడాలి, ఆరకూడదు. గాలి వచ్చినంత మేరకు అరిచాడు. గొంతు సన్నబడింది. ఇరవై అయిదు దాటాక మాట సగంలో తెగిపోయింది. "ఏడుకొండల..." అని ఆగిపోయాడు. చెంగయ్య భుజాలు పైకి లేస్తున్నాయి.

"వాడా, వెంకటరమణా," అని వెనక నుంచి ముసలమ్మ అందుకుంది. "పాపం, గొంతు పోయింది ఆయనకి. నువ్వు కూకో నాయనా, నేను చెప్తా." బస్సంతా గోవింద కొట్టింది. మునిరామయ్య కూర్చోలేదు. ప్రతి మలుపు ముందూ చెయ్యెత్తాడు, ఆమె అరిచింది. ఆమెకు అది భక్తి. ఆ చెయ్యి లెక్క తప్పితే ఏమవుతుందో ఆమెకు తెలియదు, ఎప్పటికీ తెలియలేదు.

కింద జనం దిగిపోయాక చెంగయ్య రెండు చేతులూ జోడించి దగ్గరికి వచ్చాడు. మునిరామయ్య మెట్టు మీద కూలబడి ఉన్నాడు. ఊపిరి కాస్త కుదురుకున్నాక అడిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తాండావు?"

చెంగయ్య మొహం వెలిగిపోయింది. "సూసినారా సామీ? మీ లెక్కే. కొండ మీద స్తంభాలు యాడుండాయి? అందుకే మలుపుకో ఊపిరి. ఉగాది నుంచి."

"కండ్లు తిరగతాండాయా?"

"రొంత బైర్లు కమ్ముతాయి. మంచిదే కదా సామీ, లోపల ఏదో పైకి లేస్తాండాదని అంటారే."

"మాత్రలు?"

"మీరుండంగా మాత్రలెందుకు? ఎప్పుడో పారేసినా."

మునిరామయ్య తల పట్టుకున్నాడు. "బండి ఈడే పెట్టు చెంగయ్యా. ఈ పొద్దు ఇంగ ఎక్కొద్దు. నేను చెప్పింది తప్పు. డాక్టరు కాడికి పోదాం పా."

చెంగయ్యకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

"డాక్టరు కాడికి పోతే నన్ను దించేస్తారు. ఇరవై రెండేండ్లు సర్వీసు. నువ్వే నేర్పి నువ్వే చెరుపుతావా? అవతలికి పో. నాకింకా రెండు ట్రిప్పులుండాయి."

మునిరామయ్య నేరుగా పోయి కంట్రోలరు రాజారత్నం బల్ల ముందు నిలబడి ఉన్నదంతా చెప్పాడు. రాజారత్నం ముందు చెంగయ్య బండిని ఆపించాడు. తర్వాత తెల్లకాగితం ఒకటి ముందుకు తోశాడు.

"రాసియ్యి. డ్రైవరుకు తల తిరగతాండాది, చూసినానని రాయి, చాలు. నీ యోగం కథ ఎందుకప్పా ఇందులో? ఊర్లో నీకొక పేరుండాది. చెడగొట్టుకోవద్దు."

దయతో చెప్పిన మాటే. రెండు వాక్యాలు రాసి సంతకం పెడితే సామి సామిగానే ఉంటాడు. చెంగయ్య మాత్రం రోగం దాచి, జనం ప్రాణాల మీదికి తెచ్చిన డ్రైవరవుతాడు. ఉద్యోగమే పోవచ్చు. మునిరామయ్య పెన్ను పట్టుకుని చాలాసేపు కాగితం వైపు చూశాడు. తర్వాత స్తంభాల దగ్గర మొదలుపెట్టి రాశాడు. మాత్రలు పారేశానని తాను గొప్ప చెప్పుకున్నదీ, అది విని అతను పారేసిందీ, అంతా. "ఈ మనిషి దాచలేదు. నేను చెప్పింది నమ్మినాడు," అని ఆఖర్న రాసి సంతకం చేశాడు.

డాక్టరు రక్తపోటు చూసి, ఇతను ఇన్నాళ్ళు స్టీరింగు మీద ఎట్లా కూర్చున్నాడని అడిగాడట. చెంగయ్య ఉద్యోగం నిలిచింది, ఘాట్ పోయింది. గ్యారేజీలో టైర్ల లెక్క చూసే పనిలో వేశారు. మునిరామయ్యకు మెమో ఇచ్చారు. కాగితంలో రాసింది వారం తిరక్కుండా ఊరంతా పాకింది. నలభై మందిలో ఆరుగురు మిగిలారు. శాలువా కప్పిన అడితి ఆయన ఎదురైతే రోడ్డు దాటి అవతలి వైపు నుంచి పోయేవాడు. అదే గ్యారేజీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కపక్కన పనిచేస్తూ చెంగయ్య ఏడు నెలలు అతనితో మాట్లాడలేదు.

ఆదివారం చంద్రగిరి పోయి జయరావు ముందు నిలబడ్డాడు. ఆయన అంతా విన్నాడు.

"నేను చెప్పినానా లేదా?"

"చెప్పినారు సార్."

"ఇంగ మానేస్తానని చెప్పేదానికి వచ్చినావా?"

మునిరామయ్య తల ఊపాడు.

"మానేస్తే నీకు సుఖం. ఆ ఆరుగురికేం సుఖం? పోయి నేర్పు. బిగబట్టకుండా ఎట్లా కనిపెడతావో అది నువ్వే ఆలోచన చెయ్యి. నాకంటే నీకు బాగా తెలుసు ఇప్పుడు." చాప పరుస్తూ జయరావు అన్నాడు: "గోవింద కొట్టించినావే, అది మాత్రం నాకు తోచి ఉండదు."

ఆ విధంగా పైకి లెక్కపెట్టే క్లాసు మొదలైంది. లెక్కపెట్టే మనిషి ఊపిరి బిగబట్టలేడు. గొంతు ఆగితే ఊపిరి ఆగిందని గుర్తు. గోవింద ఎందుకు కొట్టించవని అడిగితే, "అది కొండకాడికి పోయేవాళ్ళది. ఈడికి జయరావు సార్ మాదిరి వాళ్ళు గూడా వస్తారు. అంకెలు అందరివీ," అనేవాడు. రెండో నియమం, పెద్దాసుపత్రి చీటీ లేకుండా చాప మీద కూర్చోబెట్టడు. మూడోది, 'సామీ' అంటే పలకడు. తర్వాతి రెండేళ్ళలో రాజారత్నమే అతన్ని డిపో షెడ్డులో డ్రైవర్లకు నేర్పమని పిలిచాడు. ఆదివారాలు చిత్తూరు, పుత్తూరు డిపోలకు వెళ్ళేవాడు. దారిలో వేరుశనగ మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళ ఆయాసానికి దీపం ఊదడం నేర్పేవాడు. భారతమ్మ కూడా వెంట పోయేది. "ఈయన చెప్పేది వినండి, ఈయన గొప్ప చెప్పుకుంటే మాత్రం వినొద్దు," అని ముందే హెచ్చరించేది.

అవన్నీ తర్వాత సంగతి. ఆ మొదటి చలికాలంలో, ఆరుగురు పదకొండు మంది అయిన ఒక తెల్లవారుజామున, చెంగయ్య చంకలో చాపతో వసారా మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఆసుపత్రి చీటీ తీసి మునిరామయ్య చేతిలో పెట్టాడు. జేబులో మాత్రల అట్ట కనబడుతోంది.

"నడుము నొప్పికి వచ్చినా. సామీ గీమీ అని పిలవను," అన్నాడు.

"పిలవొద్దు."

"చేసింది మరిచిపోలేదు నేను."

"నేనూ మరిచిపోలేదు. కూకో."

చెంగయ్య ఆఖరి వరసలో, గోడ వారగా చాప పరుచుకున్నాడు. వెల్లకిలా పడుకుని, కాళ్ళెత్తి, అందరూ లెక్క మొదలుపెట్టారు. మునిరామయ్య కళ్ళు మూసుకుని వింటున్నాడు. పన్నెండు గొంతులు. ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండు దగ్గర పన్నెండో గొంతు వినపడలేదు. అతను చప్పున కళ్ళు తెరిచి చెయ్యెత్తాడు. క్లాసంతా ఆగిపోయింది.

"చెంగయ్యా, వినపళ్ళేదు."



"పదకొండు," అన్నాడు చెంగయ్య, విసుగ్గా.